మనవడి జట్టు, తాతగారి బీరువా

ప్రశ్న: మాది ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురం. నా పుట్టిల్లు సరిహద్దుకు అవతల ఇచ్ఛాపురం. మా మామగారు రిటైరైన ఉపాధ్యాయులు. ఆయన దగ్గర ఒక పెద్ద బీరువా నిండా తెలుగు పుస్తకాలున్నాయి. 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రోజున ఇంట్లో బట్టలకంటే ముందు ఆ పుస్తకాలనే టార్పాలిన్‌లో చుట్టి అటక ఎక్కించారు. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న "నీకు ఇష్టమైన పుస్తకం ఏదమ్మా?" అని.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కాని చదవలేడు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ. ఖోఖో బాగా ఆడతాడు. 2022లో అల్టిమేట్ ఖోఖో మొదటి పోటీల ఫైనల్‌లో ఒడిశా జగ్గర్‌నాట్స్ మన తెలుగు యోధాస్‌ను ఒక్క పాయింటు తేడాతో ఓడించినప్పుడు వాడు గంతులు వేసి, తాతగారి ముందుకు వెళ్ళి "ఓడిపోయారు, ఓడిపోయారు" అని ఏడిపించాడు. అప్పటి నుంచి ఏ ఆట వచ్చినా ఇద్దరికీ పడదు. "వీడు మనవాడు కాకుండా పోయాడు, ఈ పుస్తకాలు ఇక ఎవరి కోసం?" అంటూ ఇప్పుడు బీరువాలోని పుస్తకాలన్నీ శ్రీకాకుళం వైపు ఒక గ్రంథాలయానికి ఇచ్చేస్తానంటున్నారు. మావారు "పెద్దాయన ఇష్టం, వదిలెయ్" అంటారు. నిజం చెప్పాలంటే భువనేశ్వర్‌లో హాకీ ప్రపంచకప్ జరిగినప్పుడు నేనూ ఒడిశా ఆటగాళ్ళ కోసమే టీవీ ముందు కూర్చున్నాను. రంజీలో ఆంధ్ర, ఒడిశా తలపడితే ఎవరు గెలవాలో తేల్చుకోలేను. మేము రెండు పడవల మీద కాళ్ళు పెట్టామా? అబ్బాయిని ఎలా దారికి తేవాలి?

ఒక పాఠకురాలు, బరంపురం

సమాధానం:

అమ్మా, మీ అబ్బాయి ఒడిశా జట్టును వదులుకోనక్కరలేదు, హాకీ చూసినందుకు మీరు తప్పు చేసినట్టు కుమిలిపోనక్కరలేదు. తెలుగు చదవడం మాత్రం వాడు నేర్చుకొని తీరాలి, ఆ బీరువా ఇప్పుడప్పుడే మీ గడప దాటకూడదు. ఇవి రెండూ వేర్వేరు సంగతులు. మీ ఇంట్లో మాత్రం ఒకదానితో ఒకటి ముడిపడిపోయి, ఏ జట్టు గెలవాలని కోరుకుంటున్నారన్నదాన్ని బట్టి ఎవరికి ఎంత భాషాభిమానం ఉందో తేల్చడం మొదలయింది. ఆ ముడి విడిపోతే తప్ప ఏ ఉపాయమూ పనిచేయదు కనుక ముందు దాని గురించే రాస్తున్నాను.

ఖోఖో ఆడే పిల్లవాడికి జట్టు మీద ప్రేమ టీవీ ముందు పుట్టదు. బడి మైదానంలో, సున్నం గీతల మధ్య, మోకాలు నేలకు ఆనీ ఆనకుండా ముడుచుకొని కూర్చున్న వరుసలో పుడుతుంది. వెనక నుంచి వచ్చి వీపు మీద తట్టి "ఖో" అని అరిచేవాడు ఒడియా ఇంటివాడా, తెలుగు ఇంటివాడా అని ఆ క్షణంలో ఎవరూ చూడరు. తట్టిన మరుక్షణం లేచి పరుగెత్తడమే ఉంటుంది. అలా ఒకరి చేతి మీద ఒకరు ఆధారపడి ఆడిన పిల్లలు సాయంత్రం టీవీలో తమ రాష్ట్రం పేరున్న జట్టు బరిలోకి దిగితే దానినే తమదనుకుంటారు, అది సహజం. రేపు మీ అబ్బాయి బాగా ఆడి జిల్లా జట్టుకు, ఆపైన రాష్ట్ర జట్టుకు ఎంపికయ్యాడనుకోండి, వాడు వేసుకునే చొక్కా మీద ఉండేది ఒడిశా పేరే. ఆనాడు అవతలి వైపు ఆంధ్ర జట్టు నిలబడితే మీ మామగారు ఎవరి గెలుపు కోరుకుంటారో ఆయననే అడిగి చూడండి. ఆ జవాబు తెలిసిన మనిషి మనవడిని ఇవాళ పరాయివాడు అనలేరు.

బరంపురం ఈ విషయంలో ఎప్పుడూ పెద్ద మనసున్న ఊరే. రెండేళ్ళకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి యాత్రను చూడండి. తరతరాలుగా దాన్ని నడిపిస్తున్నది నేతపని చేసే తెలుగు దేవాంగుల కుటుంబాలు. ఠాకురాణి పుట్టింటికి వచ్చిందని ఆ నేతవారి కులపెద్ద దేశిబెహరా ఇంట్లో వేడుక చేస్తే, ఆ అమ్మవారిని చూడడానికి ఊరు ఊరంతా కదిలివస్తుంది. అది తెలుగువాళ్ళ పండుగ కదా అని ఒడియా ఇళ్ళవారు ఆగిపోరు. ఆటల్లోనూ అంతే. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో బరువులెత్తి స్వర్ణం గెలిచిన కటులు రవికుమార్ బరంపురం వ్యాయామశాలల్లో తయారైన మనిషి. ఆయన పేరు తలచుకునేటప్పుడు ఈ ఊళ్ళో ఎవరైనా "మన బరంపురం కుర్రాడు" అంటారే గాని ముందుగా మాతృభాష ఆరా తీయరు. మీ అబ్బాయి పెరుగుతున్నది అటువంటి ఊళ్ళో.

ఇక ఆ ఖోఖో ఫైనల్ సంగతి. 2022 సెప్టెంబరు 4న పుణెలో జరిగిన ఆ ఆటలో ఒడిశా 46–45తో గెలిచింది. చివరి క్షణాల్లో సూరజ్ లాండే స్కైడైవ్ చేసి, అంటే గాలిలోకి దూకి, ఒకరిని తాకి మూడు పాయింట్లు తేకపోయి ఉంటే కప్పు తెలుగు యోధాస్‌దే అయ్యేది. అంత హోరాహోరీగా సాగిన ఆట చూసి ఒక పిల్లవాడు గంతులు వేయకుండా ఉంటాడా? గంతులు వేయడం తప్పు కాదు. అయితే తాతగారి ముందుకు వెళ్ళి ఏడిపించడం తప్పు. ఎంత కాలం గడిచినా దానికి వాడు క్షమాపణ చెప్పవలసిందే. ఆటగాడన్న వాడికి గెలిచిన జట్టులో ఉన్నప్పుడే ఎక్కువ మర్యాద ఉండాలి, ఓడినవారికి చెయ్యి అందించి మైదానం దాటాలి అని వాడి కోచ్ కూడా చెబుతారు. ఈ మాట మీరు వాడికి తెలుగు పరువుకు సంబంధించినదిగా కాక ఆట మర్యాదగా చెప్పండి. ఖోఖో పిల్లవాడికి అది వెంటనే అర్థమవుతుంది. క్షమాపణ చెప్పేటప్పుడు మీరు పక్కన నిలబడి పలికించవద్దు, వాడినే వెళ్ళనివ్వండి.

మామగారికి కూడా ఒక సంగతి తెలియాలి. ఇటువంటి లీగుల్లో జట్టు పేరుకు, ఆటగాళ్ళ ఊళ్ళకు పెద్ద సంబంధం ఉండదు. తెలుగు యోధాస్‌కు ఆడిన ప్రతీక్ వైకర్ మహారాష్ట్ర వాడు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్‌లో భారత పురుషుల జట్టుకు ఆయనే కెప్టెన్, ఆ కప్పు మనమే గెలిచాం. కబడ్డీలో తెలుగు టైటాన్స్‌కు తొలి ఏళ్ళలో అంత పేరు తెచ్చిన రాహుల్ చౌదరి ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాడు. క్రికెట్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2010 ఐపీఎల్‌లో తన సొంత మైదానంగా ఆడిన చోట్లలో మన కటక్ బారాబతి స్టేడియం ఒకటి. అంటే ఒడిశా ప్రేక్షకులు తమ ఊళ్ళో కూర్చొని హైదరాబాద్ జట్టుకు చప్పట్లు కొట్టిన రోజులూ ఉన్నాయి. అందుచేత ఒక జట్టు గెలుపులో తెలుగు గెలిచిందని గాని, ఓటమిలో తెలుగు ఓడిందని గాని అనుకోవడానికి ఆధారం లేదు. ఈ మాట మీరు కాక మీవారు తండ్రితో అనడం మంచిది. "వదిలెయ్" అని తప్పుకోవడం మాని ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చోవడం కొడుకుగా తన బాధ్యత అని మీవారికి నా మాటగా చెప్పండి.

కబడ్డీ మాట ఎలాగూ వచ్చింది కనుక ఒక సలహా. ప్రొ కబడ్డీలో ఒడిశా పేరుతో జట్టు లేదు. ఆ ఆటలు వచ్చే రోజుల్లో తాతామనవళ్ళు ఇద్దరూ టైటాన్స్ వైపే కూర్చోవచ్చు. పంతాలు లేని చోట ఇద్దరినీ కలపడం సులువు. అల్టిమేట్ ఖోఖో వచ్చినప్పుడు ఎవరి పక్షం వారిది, అప్పుడు పేచీ పడినా అది ఆట వరకే.

హాకీ గురించి మీరు అనవసరంగా మథనపడుతున్నారు. 2018లో భువనేశ్వర్‌లోనూ, 2023లో భువనేశ్వర్, రౌర్కెలాల్లోనూ జరిగిన ప్రపంచకప్పులలో సుందర్‌గఢ్ జిల్లా నుంచి వచ్చిన అమిత్ రోహిదాస్ ఆడింది భారత జట్టుకు. అతని ఆట కోసం టీవీ ముందు కూర్చున్న ఒడిశా కోడలిని ఇచ్ఛాపురంలో ఎవరైనా తప్పు పడతారా? రంజీలో ఆంధ్ర, ఒడిశా తలపడినప్పుడు ఎవరు గెలవాలో తేల్చుకోవలసిన అవసరమే మీకు లేదు. పుట్టింటి జట్టు, మెట్టినింటి జట్టు ఆడుకుంటుంటే ఇద్దరి మంచి ఆటనూ చూసి సంతోషించే అదృష్టం అందరికీ దొరకదు. పడవల సామెత నిర్ణయాలకు వర్తిస్తుంది గాని ఇష్టాలకు వర్తించదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ మామగారి కోపం ఖోఖో మీద కాదు. ఈ ప్రాంతపు తెలుగు ఇళ్ళలో ఆ వయసు వారి మనసులో ఒక పాత బాధ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్న బరంపురం, పర్లాకిమిడి అటు చేరాయి. ఇళ్ళు, పొలాలు, మగ్గాలు ఉన్నచోటే ఉన్నాయి, కచేరీ భాష, బడి భాష మారాయి. తరువాతి తరాలలో తెలుగు చెప్పే బడులు తగ్గుతూ వచ్చాయి. తెలుగు పంతులుగారు అన్నవారి దగ్గర అక్షరాలు దిద్దిన తరం వెళ్ళిపోతుంటే, ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే బోర్డు మీది తెలుగు చదవలేని పిల్లలు పెరుగుతున్నారు. ఉపాధ్యాయుడిగా బతికిన మనిషి దీన్ని అందరికంటే ముందు, అందరికంటే దగ్గర నుంచి చూసి ఉంటారు. ఆ దిగులు చెప్పుకోవడానికి దారి దొరకక ఆటల మీదుగా బయటికి వస్తున్నది. మనవడు అరిచిన అరుపులో ఆయనకు వినిపిస్తున్నది తన బీరువాకు వారసుడు లేడన్న సంగతి.

ఆ దిగులు న్యాయమైనది, దాన్ని తేలికగా తీసుకోకండి. జట్టుకు మీ అబ్బాయి అరవకపోయినా లోటు లేదు, స్టేడియంలో వేలమంది ఉంటారు, ఆట జరుగుతూనే ఉంటుంది. పుస్తకానికి ఆ వెసులుబాటు లేదు. ఒక ఇంట్లో ఒక తరం చదవడం మానేస్తే ఆ ఇంటివరకు ఆ పుస్తకాలు ఆగిపోయినట్టే. మాట నోటి నుంచి నోటికి వస్తుంది, లిపి మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చొని నేర్పితే గాని రాదు. కాబట్టి మీ ఇంట్లో పెట్టవలసిన పట్టుదల అంతా ఏ జట్టు అన్న దాని మీద కాక ఈ లిపి మీద పెట్టాలి. జట్టు మార్చుకుంటేనే మనవాడివి అని వాడితో అన్నారా, తెలుగు వాడి కళ్ళకు ఎదుటి జట్టులా కనిపిస్తుంది. అప్పుడు మీరు బీరువా తాళం చేతికిచ్చినా వాడు తెరవడు.

గిడుగు రామమూర్తి గారి జీవితం మామగారికి నేను చెప్పనక్కరలేదు, కాని మీ అబ్బాయికి ఆయనే చెప్పాలి. పర్లాకిమిడి రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, వాడుక తెలుగు కోసం అంత పోరాటం చేసిన ఆ మనిషే చుట్టుపక్కల కొండల్లోని సవరల భాషను పట్టుబట్టి నేర్చుకున్నారు, వారి పిల్లల కోసం బడులు పెట్టించారు, సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారు చేశారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు మనసు చివుక్కుమని రాజమహేంద్రవరం తరలిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే ఇవాళ తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. తన భాష మీద అంత పట్టు ఉన్న వ్యక్తి పక్కవారి భాష మీద అంత ప్రేమ చూపగలిగారంటే, ఒడియా పాఠాలు చదివి ఒడిశా జట్టుకు జేజేలు కొట్టే పిల్లవాడు తెలుగు చదవలేడని నిరాశ పడడానికి కారణమేముంది? ఈ కథ తాతగారి నోట వింటే, తాను ఆ రాత్రి ఏడిపించింది ఎటువంటి బాధ ఉన్న మనిషినో పిల్లవాడికి కూడా కొంత తెలుస్తుంది.

లిపి నేర్పడం మీరు భయపడుతున్నంత కష్టం కాదు. ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లవాడితో పోలిస్తే ఒడియా చదివే మీ అబ్బాయి సగం దారి నడిచేశాడు. అచ్చులు, హల్లులు, కవర్గం, చవర్గం అన్న వరుస వాడికి కంఠతా వచ్చు. గుణింతం అంటే ఏమిటో, ఒక అక్షరం కింద మరొకటి చేరితే ఎలా పలకాలో తెలుసు. మారేది అక్షరాల రూపం ఒక్కటే. ఒక కాగితం మీద ఒడియా వర్ణమాల వాడి చేత రాయించి, ఒక్కొక్క అక్షరం పక్కన తాతగారి చేత తెలుగు అక్షరం రాయించండి. అ ఆ ల నుంచి మొదలుపెట్టి చిన్నపిల్లలకు చెప్పినట్టు చెబితే పదమూడేళ్ళవాడు చిన్నబుచ్చుకుంటాడు. పక్కపక్కన రాసి చూపితే తనకు తెలిసినదాని మీదే కడుతున్నారని గ్రహిస్తాడు.

రెండు చోట్ల తప్పకుండా తడబడతాడు, ముందే తెలుసుకొని ఉండండి. ఒడియాలో ఎ, ఏ లకు విడివిడిగా అక్షరాలు లేవు, ఒ, ఓ లకూ లేవు. అందుచేత 'ఎద్దు', 'ఏడు' అన్న మాటల్లో మొదటి అక్షరాలు ఎందుకు వేరుగా ఉన్నాయో వాడికి వెంటనే అంతుపట్టదు. రాసేటప్పుడు ఎత్వం, ఏత్వాల దగ్గర, ఒత్వం, ఓత్వాల దగ్గర పొరబడతాడు. రెండోది, ఒడియాలో 'క' అన్న అక్షరాన్ని 'కొ'కు దగ్గరగా పలుకుతారు కనుక 'కల' అని కనిపిస్తే మొదట్లో 'కొలొ' అన్నట్టు చదవవచ్చు. రెండు చోట్లా వాడికి చెవి సాయం చేస్తుంది. పుట్టినప్పటి నుంచి విన్న మాటలే కదా, తప్పు పలికిన మరుక్షణం తానే ఆగి సరిచేసుకుంటాడు. దయచేసి ఆ క్షణం వరకు ఎవరూ తొందరపడి దిద్దవద్దని మామగారిని వేడుకోండి. జీవితమంతా ఎర్రసిరాతో కాపీలు దిద్దిన చేతికి ఇది కష్టమే, అయినా మనవడి కోసం ఆయన ఓర్చుకోగలరు.

మొదటి చదువు పుస్తకంతో కాక దినపత్రికలోని ఆటల పేజీతో మొదలుపెట్టండి. ఇందులో ఒక సౌలభ్యం ఉంది. స్కైడైవ్, పోల్ డైవ్, డిఫెండర్, వికెట్, పెనాల్టీ కార్నర్, ఫైనల్ వంటి మాటలన్నీ తెలుగు అక్షరాల్లోనే ఉంటాయి, వాటి అర్థం మీ అబ్బాయికి ముందే తెలుసు. రెండక్షరాలు కూడబలుక్కునేసరికి మాట మొత్తం తోచేస్తుంది. అలా తోచినప్పుడు కలిగే సంతోషమే రెండో వాక్యానికి నడిపిస్తుంది. ముందు పెద్ద అక్షరాల శీర్షికలు, తరువాత బొమ్మ కింద రాసిన వాక్యం, ఆ తరువాత వార్త. రోజూ పావుగంట చాలు, ఆట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, టీవీ పెట్టక ముందు. వార్తలో అర్థంకాని ఆట నియమం వస్తే ఉపాధ్యాయుడు మనవడే కావాలి. వజీర్ అన్న ఆటగాడు ఎటువైపైనా ఎందుకు పరుగెత్తవచ్చో, ఒక మామూలు తాకుడుకు రెండు పాయింట్లయితే డైవ్‌కు మూడు ఎందుకిస్తారో తాతగారికి వాడు విడమర్చి చెప్పాలి. అక్షరం తాతగారిది, ఆట మనవడిది అయితే ఆ పావుగంటలో ఇద్దరికీ చెప్పేది ఉంటుంది, ఇద్దరికీ వినేది ఉంటుంది.

కథలలోకి వెళ్ళడానికి పాత చందమామలు మంచి వంతెన. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళాల్లో మొదలైన ఆ పత్రిక తరువాత ఒడియాలో జహ్నమాము పేరుతో కూడా వచ్చింది. మామగారి బీరువాలో చందమామ బైండు పుస్తకాలు ఉండే ఉంటాయి. మీ చుట్టాల ఇళ్ళలోనో స్నేహితుల ఇళ్ళలోనో పాత జహ్నమాములు దొరికితే తెచ్చి పక్కన పెట్టండి. ఇక్కడ తెలియని మాట అక్కడ తెలుస్తుంది, కథ ఆగదు.

పెద్ద పుస్తకాల విషయంలో మామగారికి ఒక మనవి. తనకు ప్రాణమైన పుస్తకాన్ని ముందే మనవడి చేతిలో పెట్టి, వాడి ముఖంలో వెలుగు కోసం ఎదురు చూడవద్దు. ఇష్టమైన పుస్తకాన్ని ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మన మనసులో ఉండే ఆశ చాలా బరువైనది, చదివేవారికి ఆ బరువు తెలుస్తుంది, పుస్తకం మీద అయిష్టం కలుగుతుంది. కోడలిని అడిగిన ప్రశ్ననే మనవడినీ అడగమనండి: "నీకు ఇష్టమైన పుస్తకం ఏదిరా?" వాడు ఇంగ్లీషులోని ఏ క్రికెటర్ జీవితకథో, ఒడియా పాఠ్యపుస్తకంలోని కథో చెబుతాడు. చెప్పనివ్వండి. ఒడియా రచయిత ఫకీర్ మోహన్ సేనాపతి కథ 'రేబతి' వాడు ఇప్పటికే చదివి ఉంటే మరీ మంచిది. 1898లో వచ్చిన ఆ కథలో చదువుకోవాలని ఆశపడ్డ ఒక ఆడపిల్ల ఉంది, ఇంటి కష్టాలన్నిటికీ ఆ చదువే కారణమని తిట్టిపోసే నానమ్మ ఉంది. దాన్ని వాడు తెలుగులో తాతగారికి చెప్పాలి. ఒడియాలో చదివిన కథను తెలుగులో చెప్పగలిగిన పిల్లవాడికి తెలుగు మాటల కొరత ఎక్కడుందో తనకే తెలుస్తుంది. ఆ కొరత తీర్చుకోవాలని తనకే అనిపిస్తుంది.

దానికి జవాబుగా తాతగారు కన్యాశుల్కం మొదటి అంకం చదివి వినిపించవచ్చు. ఆ నాటకం అచ్చయిన 1897లోనే ఫకీర్ మోహన్ నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' పత్రికలో రావడం మొదలయింది. ఇటు విజయనగరంలో గురజాడ, అటు ఒడిశాలో సేనాపతి, జనం నోట్లో మాటనే సాహిత్యంలోకి తెచ్చిన ఇద్దరు పెద్దలు ఒకే కాలంలో పనిచేశారు, వారిద్దరూ మీ ఇంటి బీరువాలో పక్కపక్కన ఉండదగినవారు. పరీక్ష తప్పి ఇంటికి వెళ్ళడానికి వణికిపోయే వెంకటేశం మీ అబ్బాయి వయసు పిల్లలకు బాగా తెలిసినవాడే. గిరీశం కోతలు వింటే నవ్వకుండా ఉండలేడు. పైగా అందులోని మాట తీరు మీ ఇచ్ఛాపురం వైపు మాటకు దగ్గరగా ఉంటుంది, పాఠ్యపుస్తకపు తెలుగులా పరాయిగా తోచదు. పద్యకావ్యాలు తరువాత చూసుకోవచ్చు, తొందర లేదు. ఇంకొంచెం పెద్దవాడయ్యాక, కోరాపుట్ కొండల్లోని కంధులనే గిరిజనుల జీవితం మీద గోపీనాథ మహాంతి రాసిన నవలను పురిపండా అప్పలస్వామి గారు తెలుగు చేసిన 'అమృత సంతానం' ఇవ్వండి. ఒడిశా కొండల కథను తెలుగులో చదివే ఆనందం మీ ప్రాంతం పిల్లవాడికి దక్కినట్టు హైదరాబాద్ పిల్లవాడికి దక్కదు.

చివరగా బీరువా దానం. మామగారికి ఎదురు చెప్పలేనని మీరు వెనకాడుతున్నారు, ఎదురు చెప్పనక్కరలేదు. పుస్తకాలు ఆయనవి, ఇవ్వడం ఆయన హక్కు. ఎప్పుడు ఇవ్వాలి, ఎవరికి ఇవ్వాలి అన్న రెండింటి గురించి మాత్రం కోడలిగా మీరు మాట్లాడవచ్చు, ఆయన మిమ్మల్ని ఒక పాఠకురాలిగా గౌరవించి ఆ ఇంట్లోకి ఆహ్వానించిన మనిషి కాబట్టి మీ మాట వింటారు. ముందు కొన్నాళ్ళు ఆగమని అడగండి. ఈలోగా ఒక ఆదివారం పుస్తకాలన్నీ దించి, దుమ్ము దులిపి, నీడలో గాలికి పరచి, మధ్యలో ఎండిన వేపాకు పెట్టి మళ్ళీ సర్దే పనిని తాతామనవళ్ళకు అప్పగించండి. సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఆ పని ఎలాగూ ఏడాదికొకసారి చేయవలసిందే. వాడు బొమ్మ చూసో, అట్ట చూసో కొన్నిటిని పక్కన పెట్టుకుంటే అవి వాడివి. అప్పటికీ మిగిలినవి ఇచ్చేయాలని మామగారు అనుకుంటే, అవతలి గ్రంథాలయానికంటే ముందు బరంపురంలోనే ఉన్న తెలుగు సంఘాలను, పర్లాకిమిడిలోనో రాయగడలోనో తెలుగు చదివే కుటుంబాలను అడగమనండి. శ్రీకాకుళంలో ఆ పుస్తకం మరొక చోట దొరుకుతుంది, ఇక్కడ దొరకదు. అవతలి వారికి మాట ఇచ్చి ఉంటే మీవారి చేత ఒక ఉత్తరం రాయించి, మా ఇంట్లో ఒక పాఠకుడు కొత్తగా తయారవుతున్నాడు, కొంత గడువు కావాలని చెప్పించండి. పుస్తకాలు ఇష్టపడే వారెవరూ ఆ మాటకు కాదనరు.